నీడ ఎవరి మీద పడాలి

మా ఆయన కోదండరామన్ మొహాలు తియ్యడంలో ఘనుడు. ఆ మాట నేను కాదనను. పీళమేడులో మిల్లు గేటుకు ఎదురుగా స్టూడియో పెట్టి, పెళ్ళికూతుళ్ళను, పసిపిల్లలను, మిల్లు మేస్త్రీలను అందంగా తీసి అందరిచేతా శభాష్ అనిపించుకున్నాడు. ఆయనతో వచ్చిన తంటా ఒక్కటే, మొహం దాటి కిందికి చూడడు. మనిషికి మెడ కింద ఒళ్ళుంటుందనీ, ఆ ఒంటికి నీడ ఉంటుందనీ గుర్తు చెయ్యడానికే దేవుడు నన్ను పుట్టించి, చిన్నమనూరు నుంచి కోయంబత్తూరు దాకా కాపురానికి పంపాడని నా నమ్మకం.

నా పేరు గోవిందమ్మాళ్. మా నాన్నకు ద్రాక్షతోట ఉండేది. ఇంట్లో గడియారం లేదు. పందిరి గుంజ నీడ చూసి పొద్దు చెప్పుకునేవాళ్ళం. తరవాత మదురైలో మా మేనమామ కృష్ణసామి స్టూడియోలో కూర్చుని, ఫోటోల మీద సన్నకుంచెతో మచ్చలు తుడవడం, చెరిగిన గీతలు కలపడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఈయన స్టూడియో వెనకగదిలో ఆ పని నాదైంది. బయట బోర్డు మీద ఆయన పేరు, లోపల బల్ల దగ్గర నా నడుంనొప్పి.

తెల్లవాళ్ళు పోయిన కొత్తలో మాకు ఎక్కువగా వచ్చేవి అతుకు ఫోటోలు. సిలోన్ తోటలకు పోయి తిరిగిరాని మొగుణ్ణి ఇక్కడున్న పెళ్ళాం పక్కన నిలబెట్టాలి. పోయిన తల్లిని కొడుకు పెళ్ళి ఫోటోలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. పాత ఫోటోలో మనిషిని కత్తిరించి, కాగితం అంచును వెనక నుంచి రుద్ది పల్చన చేసి, కొత్త ఫోటో మీద అంటించి, ఆ మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీస్తాం. కత్తిరించడం, అంటించడం ఎవరైనా చేస్తారు. అంటించిన మనిషి నేల మీద నిలబడాలంటే నీడ వెయ్యాలి. ఎండ ఏ పక్క నుంచి వచ్చిందో చూసుకుని, పాదాల దగ్గర చిక్కగా మొదలుపెట్టి, పోనుపోను పల్చన చెయ్యాలి. నీడ గోడ ఎక్కితే గోడతో పాటు నిలబడాలి, చీర మీద పడితే కుచ్చిళ్ళతో పాటు మడతలు పడాలి. ఇవేవీ లేకపోతే గోడకు ఆరేసిన చొక్కాకూ ఆ మనిషికీ తేడా ఉండదు.

శివరాత్రి వచ్చే మాసి నెలలో ఒక పొద్దున నేను పొల్లాచ్చి బస్సుకు బయలుదేరుతుంటే, స్టూడియో మెట్ల కింద ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ముసలామె నాకు తెలుసు. మా వీధులు ఊడ్చే కాళి. పీళమేడులో పిల్లాజెల్లా అందరూ ఆమెను కాళీ అనే పిలిచేవాళ్ళు. మా అమ్మకంటే పెద్దామెను అట్లా పిలవడానికి నాకు నోరు రాక కాళవ్వా అనేదాన్ని. రెండో ఆమె కాళవ్వ కోడలు వీరాయి. బొట్టులేని నుదురు, చంకలో ఏడాది దాటిన ఆడపిల్ల పొన్ను. కాళవ్వ ఒక్కగానొక్క కొడుకు ముని మిల్లులో పత్తి విప్పే గదిలో పని చేసి, ఆ దుమ్ముతోనే రొమ్ము చెడి, దీపావళి దాటాక పోయాడు.

వాళ్ళ ఇంట్లోనూ తెలుగే, మా ఇంట్లోనూ తెలుగే. అయినా వాళ్ళు మా మెట్లు ఎక్కేవాళ్ళు కారు.

"లోపలికి రా అవ్వా," అన్నాను.

"ఈడే ఉంటాము అమ్మిణీ."

"పడం తీసే పెట్టె లోపల ఉండాది. మెట్ల మింద కూసుంటే మెట్లే పడతాయి పడంలో. రా అంటే రా."

వీరాయి ముందు ఎక్కింది. ఆమె వెనక కాళవ్వ ఎక్కి, గుమ్మం పక్కన గోడకు అంటుకుని నిలబడింది.

"ఆయన్ని నా పక్కన నిలబెట్టల్ల అమ్మిణీ," అంది వీరాయి. "మేము ఇద్దరూ కలిసి ఒగ పడం కూడా ఎత్తుకోలేదు. ఈ పొన్నుకి మా అప్పన్ ఎవురని అడిగే వయసు వస్తాది. ఆ పొద్దు చూపించేదానికి నా దెగ్గిర ఏమీ లేదు."

"చేసి ఇస్తాములే."

"అతికించినట్టు కనపడకూడదు. మా లైనింట్లో ఒగామె మొగుణ్ణి అట్లే అతికించుకునింది. ఆయప్ప కాళ్ళు నేల మింద లేవు. పిల్లకాయలంతా పేయి, పేయి అని నవ్వుతారు. మా పొన్ను వాళ్ళ అప్పన్ని చూసి దయ్యం అని భయపడకూడదు అమ్మిణీ. ఈడ నిలబడి ఉండాడు అని నమ్మల్ల."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎంతోమంది వచ్చి మొహం తెల్లగా రావాలనీ, మెడలో గొలుసు గీయమనీ అడిగారు గానీ, కాళ్ళు నేల మీద ఉండాలని అడిగిన మనిషి ఈ అమ్మాయే. ముని ఫోటో వేరే వెతకక్కర్లేదు. ఏటా ఆయుధపూజకు మిల్లులో యంత్రాలకు చందనం పూసి, పనివాళ్ళందరినీ గేటు ముందు వరసగా నిలబెట్టి మా ఆయనే ఫోటో తీస్తాడు. మొన్నటి వరసలో ముని ఉన్నాడు. నేను వచ్చాక చేద్దాం, అందాకా దేని మీదా చెయ్యి వెయ్యొద్దు అని ఆయనకు మరీమరీ చెప్పి బస్సెక్కాను. చెవిటివాడి ముందు శంఖం ఊదానని అప్పుడు తెలియలేదు.

పొల్లాచ్చిలో ఆడబిడ్డ సీమంతం చూసుకుని తిరిగొచ్చేసరికి ఫోటో తయారైపోయి ఉంది. మా ఆయన మొహం వెలిగిపోతోంది. "చూడు, నువ్వు లేకుండానే ముగించేసినా," అన్నాడు. నేను చూసేలోపే వాళ్ళూ వచ్చారు.

కాళవ్వ ఫోటోను చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద పెట్టించి, వంగి చూసింది.

"ఇది ఎవురు సామీ?"

"ఎవురేమి? నీ కొడుకు."

"మా ముని మచ్చ ఈ పక్క." ఆమె తన ఎడమ కనుబొమ మీద వేలు పెట్టుకుంది. మిల్లులో బెల్టు తెగి కొట్టిన మచ్చ అది. ఫోటోలో ఆ మచ్చ కుడి కనుబొమ మీద ఉంది. చొక్కా జేబు కూడా కుడి రొమ్ము మీదికి పోయింది.

మా స్టూడియోలో వీరాయి మీద వెలుగు పడే అద్దాల కిటికీ ఒక పక్క, ఆయుధపూజ నాడు ముని మీద పడిన ఎండ ఇంకో పక్క. రెంటినీ కలపడానికి ఈ మహానుభావుడు నెగటివ్‌ను తిరగేసి వేశాడు. వెలుగు కలిసింది, మనిషి మారిపోయాడు.

"అద్దంలో చూసుకుంటే అట్లే గదా ఉంటాది," అన్నాడు ఆయన, పట్టుబడిన దొంగలా నవ్వుతూ.

"నేను వాణ్ణి అద్దంలో పెంచలేదు సామీ," అంది కాళవ్వ.

నాకు నవ్వు వచ్చింది. వీరాయి మొహం చూసి ఆపుకున్నాను. ఆ ఫోటోను రెండుగా చించి చెత్తబుట్టలో వేశాను. మా ఆయన ఏదో అనబోయి నా కళ్ళు చూసి చీకటిగదిలోకి పోయాడు.

అసలు నెగటివ్‌ను వెలుగుకు పట్టి చూశాను. వరసలో చివరివాడు ముని. పొడుగు మనిషి, బక్కపలచన, చేతులు రెండూ పక్కలకు వేలాడేసి బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. అతనికీ పక్కవాడికీ మధ్య ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఎందుకని నేను అడగక్కర్లేదు, ఆ ఊళ్ళో ఎవరూ అడగక్కర్లేదు. యంత్రాలకు చందనం అందరూ కలిసే పూస్తారు, ఫోటోకు నిలబడేటప్పుడు ఎవరి దూరం వాళ్ళకు గుర్తొస్తుంది. ఆ దూరం వల్ల నా పనికి మాత్రం మేలే జరిగింది. పక్కవాడి నీడ ముని మీద పడలేదు, కత్తిరించడానికి శుభ్రంగా వచ్చాడు. మేలు జరిగిందని అనుకున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఇక చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఎండ మునికి కుడిపక్క నుంచి వస్తోంది. అతని నీడ ఎడమపక్కకు పడుతోంది. పెళ్ళాం కూర్చోవాల్సింది ఎడమపక్కే. కావాలంటే ఆమెను కుడిపక్కకు మారుద్దామని మా ఆయన చీకటిగదిలో నుంచే ఒక సలహా పడేశాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు. కుడిపక్క కూర్చుంటే చెల్లెలు అనుకుంటారు, పెళ్ళాం అనుకోరు. వాళ్ళు చెప్పింది సబబే. అంటే ముని నీడ వీరాయి మీద పడాలి. ఎండతో బేరాలు కుదరవు.

"వచ్చే ఆదివారం పొద్దున రాండి," అన్నాను. "లోపల కాదు, పెరట్లో తీస్తాము. ఆయుధపూజ నాడు ఆయన మింద ఎట్లాంటి ఎండ పడిందో, నీ మింద కూడా అట్లాంటి ఎండే పడల్ల."

మాసి నెల ఎండా, ఆయుధపూజ నాటి ఎండా ఆకాశంలో ఒకే దారిన నడుస్తాయి. ఆ సంగతి మా నాన్న పందిరి గుంజలు నేర్పింది.

ఆదివారం వాళ్ళు చెప్పిన వేళకే వచ్చారు. వీరాయి పెళ్ళినాటి ఎర్రచీర కట్టుకుంది. నుదుట బొట్టు లేదు. పెట్టుకోమని ఎట్లా చెప్పాలో తోచక నేను గింజుకుంటుంటే, కాళవ్వ తన కొంగుముడి విప్పి కుంకుమ పొట్లం తీసింది.

"పెట్టుకో. ఆయప్ప ఉండేటప్పుడు తీసిన పడం గదా ఇది. పెట్టుకో."

వీరాయి పొట్లం పట్టుకుని చూస్తుంటే, కాళవ్వే వేలితో అద్ది పెట్టింది. మల్లెపూల మూర కూడా తెచ్చింది. తన చేత్తోనే కోడలి జడలో తురిమింది. పరవాలేదే, ఈ అత్త మంచిదే అనుకున్నాను.

కుర్చీ వేసి వీరాయిని కూర్చోబెట్టాము. పొన్ను తల్లి ఒళ్ళో నిద్రపోయింది. ముని నిలబడాల్సిన చోట నేను ఒక వెదురు కర్ర పాతాను. నీడ ఎక్కడిదాకా వస్తుందో, చీర మీద ఎట్లా వంగుతుందో కళ్ళారా చూస్తే తరవాత కుంచెతో వెయ్యడం తేలిక. ముని ఎత్తు ఎంత అని అడిగితే, కాళవ్వ తన నెత్తి మీద చెయ్యి నిలువుగా ఎత్తి చూపించింది. అంత ఎత్తున తలకాయ చోట ఒక కుండ బోర్లించి, భుజాల చోట అడ్డకర్ర కట్టాను. మా ఆయన చొక్కా ఒకటి తగిలిద్దామని లోపలికి పోబోతుంటే వీరాయి ఆపింది.

"నా దెగ్గిర ఉండాది."

ఆమె కాళ్ళ దగ్గరి సంచిలో నుంచి ఒక ఖాకీ చొక్కా తీసింది. ఎడమ రొమ్ము మీద జేబు. ఫోటోలో ముని వేసుకున్నది అదే.

కాళవ్వ మొహం మారింది. "ఇది యాడిది? పదారో దినం ఆయప్ప గుడ్డలన్నీ ఇచ్చేసినాము గదా?"

వీరాయి తల వంచుకుంది. "ఒగటి పెట్టుకున్నా."

"సంచిలోనా?"

"ఊ."

నేను చొక్కా అందుకుని అడ్డకర్రకు తొడిగాను. తొడుగుతుంటే అది ఉతకని చొక్కా అని తెలిసింది. పత్తిదుమ్ము వాసన, చెమట వాసన. ఏ పని చేస్తున్నానో ఒక్క క్షణం నాకు భయం వేసింది. బొత్తాలు పెట్టి పక్కకు జరిగాను.

నీడ పడింది. భుజాలూ తలా ఉన్న నీడ, అచ్చంగా ఒక పొడుగు మనిషిది. పాదాల చోట మొదలై, నేల మీద పాకి, కుర్చీ ఎక్కి, వీరాయి రొమ్ము మీదుగా నిద్రపోతున్న పిల్ల తల మీద ఆగింది. వీరాయి ఆ నీడను కింది నుంచి పైదాకా చూసుకుంది. కళ్ళు మూసుకుంది. తరవాత, ఎవరూ చూడటం లేదనుకుని, కుర్చీలోనే కొంచెం ఆ పక్కకు జరిగింది. చలిలో దుప్పటి లాక్కున్నట్టుగా ఆ నీడలోకి ఒదిగింది.

మా ఆయన నల్లగుడ్డ కింద తల దూర్చి ఉన్నాడు. "బాగుంది, బాగుంది, కదలవద్దు" అంటున్నాడు.

"లెయ్యి!" కాళవ్వ అరిచింది. "వీరాయీ, లెయ్యి ఆడ నుంచి!"

అరవడంతో ఆగలేదు. ఆ కర్రను రెండు చేతులా పట్టుకుని పెరికి పారేసింది. కుండ పగిలింది. పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమయింది అవ్వా నీకు? అది వెదురు కర్ర," అన్నాను కోపంగా.

"కర్ర నీడ అయితే నేనేమిటికి అరుస్తాను? నువ్వు దాన్ని వాడి నీడ చేస్తావు గదా అమ్మిణీ. ఆ పనికే గదా మేము వచ్చింది." ఆమె ఆయాసపడుతోంది. "చచ్చినోడి నీడ ఎవురి మింద పడితే వాళ్ళు ఇంక వాడితోనే. మాలో అట్లే. దీని మింద పడకూడదు. బిడ్డ మింద పడనే కూడదు."

అలాంటిదేమీ లేదని చెప్పడం నోటికి తేలికే. ఆ చొక్కాకు బొత్తాలు పెడుతున్నప్పుడు నేనూ భయపడ్డాను గదా.

"సరే, నీడ వెయ్యకుండానే చేసి ఇస్తాను," అన్నాను.

"వద్దు," అంది వీరాయి. "నీడ లేకుంటే ఆయన గాల్లో నిలబడతాడు. అదే గదా అమ్మిణీ నేను మొదటి దినమే చెప్పింది. అట్లా అయితే నాకు ఆ పడమే వద్దు." అత్తవైపు తిరిగింది. "పడితే పడనీ. నాకేమి భయం? ఆయనతోనే అయితే ఆయనతోనే."

ఆ మాట ఆమె గట్టిగా కూడా అనలేదు. మార్కెట్టుకు పోయొస్తానన్నంత మామూలుగా అంది. ఆమెకు ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో.

కాళవ్వ కోడలి మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎండ ఎక్కిపోతోంది, ఇంకొంచెంసేపు ఆగితే కొలతలన్నీ తప్పిపోతాయి. నేను ఏదో అనబోయేలోపల ఆమె మా వంటింటి గడప దగ్గరున్న పీటను తెచ్చి, కర్ర పాతిన గుంటకూ వీరాయి కుర్చీకీ మధ్య వేసి, దాని మీద కూర్చుంది.

"నా మింద పడనీ," అంది.

"నువ్వేమిటికి నడమ?" వీరాయి గొంతు అప్పుడు లేచింది. "నేను గదా ఆయన పెండ్లాం?"

"నేను గదా కన్నది. సామీ, తియ్యి. ఎండ పోతాది."

వీరాయి ఏడ్చింది. నాకు ముసలామె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "బతికుండగా కొడుకుని కోడలికి ఇయ్యని అత్తల్ని చూసినా. పొయ్యినాక కూడా ఇయ్యని అత్తని ఇప్పుడే చూస్తా ఉండా," అన్నాను. వీరాయి కళ్ళు తుడుచుకునేదాకా మా ఆయన ఆగి, ఫోటో తీశాడు. కర్ర మళ్ళీ పాతాము. చొక్కా నీడ కాళవ్వ పాదాల మీద ఎక్కి, మోకాళ్ళ మీద వంగి, రొమ్ముదాకా వచ్చి ఆగింది. ఎండ ఎక్కి నీడ కురచైంది గనక అటుపక్కకు పోలేదు. ఆమె మొహం మాత్రం ఎండలో ఉంది. నీడ ఎక్కడెక్కడ వంగిందో చూసి మనసులో పెట్టుకున్నాను.

ఆ ఫోటో మీద నేను పని చేసినంత శ్రద్ధగా ఇంకే ఫోటో మీదా చెయ్యలేదు. మునిని కత్తిరించి, అంచులు రుద్ది, అంటించాను. పాదాల దగ్గర మొదలుపెట్టాను. నీడంటే నలుపు కాదు, దాని కింద ఉన్నదంతా కనపడాలి. చీర అంచు, ముసలి కాళ్ళ నరాలు, అన్నీ నీడలో కనపడుతూనే ఉండాలి. ఒళ్ళోకి వచ్చేసరికి కుంచె ఆగిపోయింది. అప్పటిదాకా నేను గమనించలేదు, కాళవ్వ రెండు అరచేతులూ పైకి తెరిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరైనా బిడ్డను అందిస్తే తీసుకోవడానికి అట్లా పడతాం. ఆ చేతుల్లో నేను ఆమె కొడుకు నీడ వెయ్యాలి. ముని ఎవరో నాకు తెలియదు, ఒక్కమాట మాట్లాడి ఎరగను. అయినా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. తరవాత లేచి, కళ్ళు తుడుచుకుని, వేశాను.

ఫోటో తీసుకోవడానికి వచ్చినరోజు వీరాయి దాన్ని చాలాసేపు చూసింది. "నిలబడి ఉండాడు," అంది. అంతే అంది. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, అత్త వినకుండా నాతో చెప్పింది. "నీడంతా ఆమే తీసుకునింది అమ్మిణీ. నాకని ఇంత కూడా మిగల్చలేదు."

మళ్ళీ ఏడాది తిరిగింది. చిత్తిరై ఎండల్లో ఒక మధ్యాహ్నం కాళవ్వ ఒక్కతే వచ్చింది. మెట్లు ఎక్కి తిన్నగా లోపలికి వచ్చి, కొంగులో నుంచి ఆ ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. అద్దం ఊడదీసి తెచ్చింది.

"దీన్ని కొయ్యల్ల అమ్మిణీ." తనకూ వీరాయికీ మధ్య వేలితో నిలువుగా గీత గీసింది.

"ఏమిటికి? కోడలితో జగడమా?" నా గొంతులో పాత కోపమే పలికింది.

"దానికి కల్యాణం. తుడియలూరులో తంగవేల్ అని, పంపులు చేసే పట్టరలో పని. పెండ్లాం కానుపులో పొయ్యింది. తాగడు. నేనే పొయ్యి చూసి, మాట్లాడి వచ్చినా."

నేను కుంచె కింద పెట్టాను.

"అది ఒప్పుకోలేదు. ఏడిచింది. ఆయన పడం విడిచిపెట్టి రాను అనింది. ఆ పడం ఆ ఇంటికి ఎట్ల పోతాది చెప్పు? ముందటి మొగుడి పక్కన బొట్టూ పువ్వూ పెట్టుకోని కూసుండే పడాన్ని ఏ మొగోడు గోడకి మాట్టనిస్తాడు? వాడూ నేనూ మాత్రం ఉంటే, అది పొన్ను అప్పన్, పొన్ను అవ్వ. బిడ్డ సొత్తు. తంగవేల్‌ని అడిగినా. అట్లా అయితే సరి, నా ఇంట్లోనే మాట్టుకోనీ అన్నాడు. దానికి కూడా చెప్పినా. ఇంగా ఏడస్తా ఉండాది. ఏడిచి పోతాది."

నేను ఆ ఫోటో వైపు చూశాను. ఆ ఉదయం ఆమె పీట తెచ్చుకుని మధ్యలో కూర్చోవడం నా కళ్ళ ముందుకు వచ్చింది.

"అవ్వా, ఆ పొద్దే ఇట్లా అనుకున్నావా నువ్వు?"

"ఆ ఖాకీ సట్ట తీసింది గదా సంచిలో నుంచి. అప్పుడు అనుకున్నా. చిన్న పిల్ల. చచ్చినోడి సట్ట ఎత్తుకోని తిరగతా ఉండాది. నువ్వు వాడి నీడని దాని మింద వేసి ఇచ్చినావంటే, ఇంక ఆ కుర్చీలో నుంచి లేస్తుందా అది?"

"చావు వస్తాదని గదా నువ్వు చెప్పింది?"

"అదీ నిజమే. నా మింద పడితే నష్టమేమి? నేను ఎట్లన్నా వాడి దెగ్గిరికి పొయ్యేదాన్నే."

కత్తెర తీసుకున్నాను. ఆమె చూపించిన చోట నిలువుగా ఒకే కోత. ఒక ముక్కలో ముని నిలబడి ఉన్నాడు, అతని నీడంతా తల్లి ఒళ్ళో ఉంది. తరిగినందుకు అక్కడ సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. రెండో ముక్కలో వీరాయి, ఆమె ఒళ్ళో నిద్రపోతున్న పొన్ను ఉన్నారు. మొహాల నిండా ఎండ. ముని నీడ చుక్క కూడా వాళ్ళ మీద లేదు.

ఒకటి మాత్రం ఉంది. వీరాయి మోకాళ్ళ కింద, చీర కుచ్చిళ్ళ మీద, పాదాల దాకా ఒక గుండ్రటి నీడ. నేను వేసింది కాదు గనక ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోలేదు.

మొదటి ముక్కను అట్టకు అంటించి, బిడ్డతో పంపడానికి కాగితంలో చుట్టి ఇచ్చాను. రెండో ముక్కను ఏం చెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"అది నాకు," అంది కాళవ్వ, చెయ్యి చాపి.

"ఎందుకవ్వా? నెగటివ్ ఉండాది. నలుగురూ ఉండేది నీకు ఇంగొకటి మొత్తంగా తీసి ఇస్తాను. నీ కొడుకు కూడా ఉంటాడు."

"వద్దు. వాడు యాడికీ పోడు. ఇంట్లో ఏ మూల చూసినా వాడే ఉండాడు. పొయ్యేది వీళ్ళు గదా."

"అయితే ఉండు," అన్నాను, కుంచె అందుకుంటూ. "వీరాయి కాళ్ళ మింద నీడ ఒగటి మిగిలింది. తుడిచి ఇస్తాను."

ఆమె ఉలిక్కిపడి ముందుకు వంగింది. "నీడా? ఎవురిది? వాడిదా?"

"వాడిది కాదు. నీదే. నువ్వు పక్కన కూసుండినావు గదా, ఎండకి పడింది."

కాళవ్వ ఆ ముక్కను నా చేతిలో నుంచి తీసుకుని, వెలుతురు వైపు తిరిగి, కళ్ళు చిట్లించి చూసింది. కోడలి పాదాల మీద ఉన్న ఆ నల్లటి గుండ్రాన్ని బొటనవేలితో నెమ్మదిగా తడిమింది.

"నాదా," అంది. "నాదయితే ఉండనీ అమ్మిణీ. నేను బతికే ఉండా గదా."